ఒత్తుల కూలి

గవర్నరుపేటలో, కాలవ వాసన
మధ్యాహ్నానికి కిటికీ ఎక్కే చోట మా ప్రెస్సు.
నాకు పదిహేనేళ్లు.
వాడి విడిచిన సీసాన్ని
మళ్లీ ఏ గడిది ఆ గడిలో పోయడం నా పని.

జక్రయ్య నిలబడే కంపోజు చేసేవాడు.
ఇరవై రెండేళ్లుగా ఆయన కింద బండకి
రెండు పాదాలంత పల్లం.

ఆ రోహిణి కార్తెలో వచ్చిన పుస్తకం
మంచు దేశానిది.
చెమట బొట్టు జారి రాతప్రతి మీద పడితే
'హిమపాతం' అన్న మాట అలుక్కుపోయింది.
జారు అంటే జారిపోయేవాడా అని నేనడిగితే
'తనంతట జారడురా' అన్నాడు, స్టిక్కులోంచి తలెత్తకుండా.

ఒక ఆదివారం, గడ్డకట్టే చలిలో
దేవుడి పటాలు పట్టుకుని, కీర్తనలు పాడుకుంటూ
రాజు తండ్రిలాంటివాడని
అర్జీ పట్టుకుని కోట దాకా నడిచారట జనం.
తుపాకులు బదులు చెప్పాయట.
అక్కడ స్టిక్కు కింద పెట్టాడు జక్రయ్య.
'మా నాయనా రాయించాడ్రా అర్జీ,
కాలవ గట్టు గుడిసెల కోసం. స్టాంపు కూడా అంటించాడు.
మనల్ని కాల్చలేదు.
చదవలేదు, అంతే.'

ఇరవై మూడో ఫారంలో వచ్చింది ఆ పేరా.
మాస్కోలో అచ్చు పనివాళ్లు
అక్షరాలకు డబ్బులిచ్చి
కామాలకు ఇవ్వరేమని పని ఆపారట.
వాళ్ల వెనక రొట్టెల బట్టీలు ఆగాయి.
ఆ వెనక రైళ్లు.
చివరికి చక్రవర్తే కాగితం మీద సంతకం పెట్టాడు.

కంపోజిటరు మామూలుగా చదవడు.
తలకిందులుగా ఉన్న అక్షరాన్ని
వేలితో తడిమి పక్కన పెడతాడు.
జక్రయ్య ఆ పేరా మూడుసార్లు చదివాడు.

మాకు వెయ్యి అక్షరాలకింత అని లెక్క.
ఒత్తు అక్షరం కాదు, లెక్కల పుస్తకంలో.
కింద ఉండేది కదా.
కింద ఉండేదానికి కూలేమిటి?
వెంకటాద్రిగారు మంచివారే,
మేడే ఊరేగింపులో ముందు వరసలో నడిచేవారు.

మర్నాడు గ్యాలీ ప్రూఫు తీశాను.
ఒక్క ఒత్తూ లేదు.
రొట్టె రొటె అయింది.
మాస్కో మాసో.
విప్లవం విపవమై నీళ్లోడుతోంది.
చక్రవర్తి కాళ్లు విరిగి
చకవరిగా కూలబడ్డాడు.
ఫారాలు మడుస్తున్న సైదాబీకి చదువు రాదు,
మేం నవ్వుతున్నామని ఆమే నవ్వింది.

'ఏమిటయ్యా ఇది?'
'తమరు డబ్బులిచ్చినవే పేర్చానండి.'

మూడు రోజులు ట్రెడిల్ తిరగలేదు.
ఏలూరు రోడ్డులో ఇంకో రెండు ప్రెస్సులు, అవీ సగం సగం.
రైళ్లేమీ ఆగలేదు.
మద్రాసు మెయిలు వేళకే బ్రిడ్జి దాటింది,
మేడ మీద పడుకుని విన్నాను.
నాలుగో రోజు, రెండు ఒత్తులు కలిపి
ఒక అక్షరంగా ఒప్పుకున్నారు.
సైదాబీ మడతలకు మాత్రం పాత రేటే.
ఆమె సంగతి మాకెవరికీ గుర్తు రాలేదు.

దసరాలకు జక్రయ్యను మానిపించారు,
చూపు ఆనడం లేదని.
జీతాల పుస్తకంలో ఆఖరి వరస చూశాను.
గుమస్తా చేతిరాతలో: జకయ.
తొందరో, ఇంకేదో.

మొన్న లెనిన్ సెంటర్లో
పాత పుస్తకాల కింద అట్టలేనిది దొరికింది.
కాగితం ముట్టుకుంటే రాలుతోంది.
మూడువందల డెబ్భయ్యొకటో పేజీ, కింది నుంచి నాలుగో పంక్తి:
'వీధి మలుపులో మంచు మీద రకం చిందింది.'

త ఒత్తు లేదు.
ఆ పేజీ రెండో ప్రూఫు నేనే చూశాను.
ఎర్ర సిరా కలం చేతిలోనే ఉంది.

షాపతను అరవై అన్నాడు.
బేరమాడలేదు.